నాన్నగారి పాత చేతక్‌ను అమ్మేయాలా, ఉంచుకోవాలా? 34 ఏళ్లు స్కూటర్లు బాగుచేసిన మనిషిగా నా సమాధానం

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగిలినవారికి కూడా అర్థం కావడానికి క్లుప్తంగా మళ్లీ చెబుతాను. మీ నాన్నగారికి 79 ఏళ్లు, తెనాలిలో ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశారు. 1990లో కొన్న బజాజ్ చేతక్ ఆయన దగ్గర ఇప్పటికీ ఉంది. మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి, అంటే రెండేళ్లుగా, దాన్ని రోడ్డెక్కించలేదు. ఆర్.సి. (రిజిస్ట్రేషన్ పత్రం) గడువు 2020లోనే తీరిపోయింది. ఇంటిని అపార్ట్‌మెంటు కట్టడానికి బిల్డరుకు ఇస్తున్నారు కాబట్టి ఆరు నెలల్లో ఖాళీ చేయాలి. అమ్మగారు అమ్మేద్దామంటున్నారు, అమెరికాలో ఉన్న అన్నయ్య అమ్మడానికి వీల్లేదంటున్నారు. మీరు హైదరాబాదులో ఉండి ఇద్దరి మధ్యా నలుగుతున్నారు. నాన్నగారు మాత్రం రోజూ ఉదయం బండి తుడిచి, పది పన్నెండు కిక్కులు కొట్టి, అది పలకకపోతే ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోతున్నారు. పాత ఇనుము కొనే మనిషి వచ్చి ధర కూడా చెప్పి వెళ్లాడు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. నాన్నగారు తన నోటితో ఇచ్చేయమంటే తప్ప, ఆయన ఉండగా ఆ బండిని అమ్మవద్దు. అయితే ఉంచడమంటే టార్పాలిన్ కప్పి మూలకు నెట్టడం కాదు. కిక్కు కొడితే పలికేలా ఉంచాలి. అందుకు ఇంట్లో ఒక్కరైనా బాధ్యత తీసుకోవాలి. ఎవరూ తీసుకోలేమంటే, ఆయన చేతుల మీదుగానే, దాన్ని నడుపుకునే మనిషికి ఇప్పించండి. పాత ఇనుముకు వేయడం చిట్టచివరి మాట, మీ బండి ఇంకా అక్కడికి రాలేదు.

నేను విజయవాడ ఆటోనగర్ దగ్గర 34 ఏళ్లు స్కూటర్ల షెడ్డు నడిపాను. చేతక్‌లు, ప్రియాలు, సూపర్లు, కొన్ని లాంబ్రెటాలు నా చేతుల మీదుగా వెళ్లాయి. చివరి పదేళ్లలో నా దగ్గరికి వచ్చిన వాటిలో మీ ఇంట్లో ఉన్నలాంటి బండ్లే ఎక్కువ. నడిపే మనిషి పెద్దవాడై ఇంట్లో కూర్చుంటాడు, పిల్లలు దూరంగా ఉంటారు, బండి వరండాలో నిలబడి ఉంటుంది. వాటిలో కొన్ని బాగుపడ్డాయి, కొన్ని పాడయ్యాయి, రెండూ చూశాను కాబట్టి రాస్తున్నాను.

ముందు రెండు ప్రశ్నల్ని విడదీయండి. నాన్నగారు బండి నడపాలా అన్నది ఒక ప్రశ్న. బండి ఇంట్లో ఉండాలా అన్నది మరో ప్రశ్న. అన్ని ఇళ్లలోనూ ఈ రెండింటినీ కలిపేసి గొడవ పడతారు. అమ్మగారు అమ్మేద్దామంటున్నారని రాశారు. ఎందుకో ఒకసారి ఆమెను విడిగా కూర్చోబెట్టి అడగండి. నా దగ్గరికి ఇలా వచ్చిన ఇళ్లలో చాలాచోట్ల ఆ ఇల్లాలికి బండి మీద కోపం లేదు. తాను వంటింట్లో ఉన్నప్పుడు ఆయన చెప్పకుండా తీసుకుని రోడ్డు మీదికి వెళ్తారేమోనని భయం. ఆ భయం తీరిందంటే, 30 ఏళ్లు ఆ వెనుక సీటు మీద కూర్చుని సినిమాలకీ పెళ్లిళ్లకీ వెళ్లిన ఆవిడే అమ్మవద్దని అంటారు.

నడపడం విషయంలో నాకొక కొలత ఉంది. ఏ పుస్తకంలోనూ లేదు, షెడ్డులో నేర్చుకున్నది. బండిని ఎవరి సాయమూ లేకుండా సెంటర్ స్టాండు మీదికి లాగి నిలబెట్టగలిగిన మనిషే దాన్ని రోడ్డు మీదికి తీసుకెళ్లాలి. చేతక్ పూర్తిగా రేకు శరీరం, నూరు కిలోలకు తక్కువ ఉండదు, ఇంజను కుడివైపు వేలాడుతుంది. సందులో ఒరిగితే మోకాలి మీదా నడుము మీదా పడే బరువు అది. స్టాండు వేయలేని మనిషి, పడిన బండిని లేపలేడు. ఈ మాట పెద్దవాళ్లకు వయసు గురించి చెప్పినట్లు ఉండదు, బండి గురించి చెప్పినట్లు ఉంటుంది. అందుకే వాళ్లు వింటారు. లైసెన్సు సంగతి కూడా చూడండి. 55 దాటాక రెన్యువల్ చేసుకుంటే ఐదేళ్లకే ఇస్తారు, వైద్యుడు సంతకం చేసిన ఫారం 1ఎ కావాలి. కృత్రిమ మోకాలు ఉన్న మనిషి విషయంలో బండి నడపవచ్చో లేదో ఆపరేషన్ చేసిన వైద్యుడి చేతే ఆయన ఎదుటే చెప్పించండి. పిల్లలు తాళంచెవి దాచేయడం కంటే అది వెయ్యిరెట్లు మేలు.

తాళంచెవి దాచిన ఇల్లు ఒకటి నాకు బాగా తెలుసు. ఆ పెద్దాయనకు మతిమరుపు మొదలైంది. ఒక సాయంత్రం ప్రకాశం బ్యారేజి మీద బండి ఆపుకుని, ఇంటికి ఎటు వెళ్లాలో తెలియక నిలబడిపోయారు. ఎవరో చూసి ఫోను చేశారు. మర్నాటి నుంచి తాళంచెవి కనబడలేదు. ఆయన ఇల్లంతా వెతకడం, దొంగతనం జరిగిందని పనిమనిషిని అనుమానించడం, ఇంట్లో ఏడుపులు. పెద్ద కొడుకు నా దగ్గరికి వచ్చి ప్లగ్గు తీసేయమన్నాడు. ఆ పని నేను చేయలేదు. వాళ్ల వైద్యుడు ఆయనతో నేరుగా మాట్లాడాక, మంచి స్పృహలో ఉన్న ఒక రోజు ఆయనే తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టారు. బండి నా షెడ్డులో ఉంది. ప్రతి ఆదివారం కొడుకు ఆయనను తీసుకొచ్చేవాడు. నేను కిక్కు కొట్టేవాణ్ణి, ఆయన యాక్సిలరేటర్ పట్టుకుని కాసేపు నిలబడేవారు. ఏడాదిన్నర అలా గడిచింది. కొడుకు పేరు మరిచిపోయిన రోజుల్లో కూడా, చల్లటి ఇంజను పలకడానికి లాగే చోక్‌ను ఎప్పుడు లోపలికి నెట్టాలో ఆ చేతికి తెలుసు.

చెప్పకుండా అమ్మడం గురించి. ఇది గట్టిగా చెబుతున్నాను. రైల్వేలో పనిచేసిన ఒక పెద్దమనిషి రాజమండ్రిలో కూతురి దగ్గరికి పది రోజులకు వెళ్లారు. ఆ సమయంలో కొడుకులిద్దరూ బండి ఇచ్చేశారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఆయన కిందపడి తుంటి విరగ్గొట్టుకుంటారని భయపడ్డారు. ఆయన తిరిగి వచ్చిన మూడో రోజు నా షెడ్డుకు నడుచుకుంటూ వచ్చారు. చేతిలో ప్లగ్గు స్పానర్ ఉంది. "బండి పోయిందయ్యా, ఇది ఇంట్లో ఉండిపోయింది" అన్నారు. వారం రోజులు ఆటోనగర్‌లో పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగాను. ఇంజను విప్పేశారు, బాడీ కోసేశారు. లేత నీలం రంగు ఉన్న ఎడమ పక్క మూత ఒక్కటే దొరికింది. డబ్బులిచ్చి తెచ్చాను. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని, అంచు మీద ఉన్న ఒక సొట్టను వేలితో తడుముతూ చాలాసేపు కూర్చున్నారు. పెద్ద కూతురు బండి నేర్చుకుంటూ గోడకు కొట్టిన సొట్ట అట. తర్వాత ఆయన కొడుకుల ఇంట్లోనే ఉన్నారు, వాళ్ల అన్నమే తిన్నారు. కానీ ఏ కాగితం మీదా వాళ్లు అడిగితే సంతకం పెట్టలేదు. "అడగకుండానే చేస్తారుగా" అనేవారు.

అందుకని, అడగండి. అమ్మేద్దామా అని మొదలుపెట్టకండి. బుక్ చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసి చేతక్ కొనుక్కున్న తరం వాళ్లది. డబ్బు ఎలా సమకూర్చారు, మొదటి రోజు ఎవరిని ఎక్కించుకున్నారు, ఎక్కడిదాకా వెళ్లారు అని అడగండి. అంతా విన్నాక, "ఇల్లు ఖాళీ చేశాక దీన్ని ఏం చేద్దాం నాన్నా?" అని ఆయన్నే అడగండి. నా అనుభవంలో, అలా అడిగినప్పుడు సగం మంది వెంటనే ఎవరికి ఇవ్వాలో చెప్పేశారు. వాళ్ల మనసులో పేరు ఎప్పుడో ఉంది, అడిగినవాళ్లే లేరు.

ఇక ఉంచుకోవాలని తేలితే బండి సంగతి. వరండాలో రెండేళ్లు నిలబడినంత మాత్రాన చేతక్ చచ్చిపోదు. 145 సీసీల టూ స్ట్రోక్ ఇంజను, విప్పి చూస్తే అందులో ఉన్న భాగాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పిస్టన్, రింగులు, క్లచ్ ప్లేట్లు, కేబుళ్లు, ఆయిల్ సీళ్లు, బ్రేకు లైనర్లు అన్నీ ఇప్పటికీ దొరుకుతాయి. బండిని చంపేది ఇంజను కాదు, తుప్పు. చేతక్‌కు లోపల విడిగా గొట్టాల ఫ్రేము లేదు, ఆ రేకు శరీరమే ఎముక. కాబట్టి ముందు కాళ్ల దగ్గర రబ్బరు మ్యాట్ ఎత్తి చూడండి. స్టాండు బిగించిన చోట, వెనుక చక్రం పైన, బ్యాటరీ ఉంటే దాని కింద, స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి చూడండి. రేకు గట్టిగా ఉంటే బండి బతుకుతుంది. మొన లోపలికి దిగిపోతుంటే, ఎంత రంగు వేసినా పైపై అందమే. బాపట్ల, చీరాల, బందరు లాంటి సముద్రం దగ్గరి ఊళ్ల బండ్లలో ఈ జబ్బు ఎక్కువ. తెనాలి బండి కొంత నయంగానే ఉండాలి.

దాన్ని మళ్లీ పలికించడానికి మెకానిక్ ఏం చేయాలో తెలిసి ఉంటే మీరు మోసపోరు. ట్యాంకులో పాత పెట్రోలు పూర్తిగా తీసేయాలి. ఇప్పుడు బంకుల్లో వస్తున్న పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను లాగుతుంది, పాత రబ్బరును తినేస్తుంది. అందుకని పెట్రోలు పైపు, ట్యాప్‌లో వాషర్లు, కార్బ్యురేటర్‌లో సీళ్లు కొత్తవి వేయించండి. ట్యాంకు లోపల తుప్పు ఉంటే కడిగించండి, లేకపోతే ఆ పొడి కార్బ్యురేటర్ జెట్‌లో చేరి రోజూ ఏడిపిస్తుంది. ప్లగ్గుకు నిప్పురవ్వ అందించే పాయింట్లు రుద్దాలి, వాటి పక్కనుండే కండెన్సర్ మార్చాలి, కొత్త ప్లగ్గు వేయాలి. క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయి. గేరులో వేసి, క్లచ్ పట్టుకుని, ముందుకూ వెనక్కూ ఊపితే చాలాసార్లు అవే విడిపోతాయి. ఇంజను విప్పితే తప్ప కుదరదని మొదటి రోజే అనే మెకానిక్‌ను ఒకరోజు ఆగమనండి. టైర్లు చూడటానికి బాగున్నా పక్కలు పగిలి ఉంటాయి, రెండూ మార్చండి. చక్రం రిమ్ము రెండు ముక్కల్ని నట్లతో బిగించి ఉంటుంది కాబట్టి గాలి పూర్తిగా తీశాకే ఆ నట్లు విప్పాలి. చేతక్ చూడని కుర్రవాళ్లకు ఇది తెలియక దెబ్బలు తగిలాయి.

టూ స్ట్రోక్ ఆయిల్ మాట ఇంట్లో అందరికీ తెలియాలి. పెట్రోలులో 2టీ ఆయిల్ కలపాలి, మా షెడ్డులో లీటరుకు 20 మిల్లీలీటర్ల లెక్కన పోసేవాళ్లం. ఒకప్పుడు బంకులోనే కలిపి పోసేవారు, ఇప్పుడు చాలాచోట్ల ఆ ఏర్పాటు లేదు. తాతగారి బండి అని ముచ్చటపడి మనవడు ఉత్త పెట్రోలు కొట్టించి, పది కిలోమీటర్లు పోయేసరికి పిస్టన్ పట్టేసిన బండ్లు ఎన్నో చూశాను. నాన్నగారి బండి ముందు డిక్కీ తెరిచి చూడండి. ఆయిల్ కొలిచే మూత, ప్లగ్గు రుద్దే ఎమిరీ కాగితం ముక్క, ఒక పాత ప్లగ్గు, మడతపెట్టిన గుడ్డ ఉంటాయని నాకు నమ్మకం. వాటిని పారేయకండి.

రంగు మార్చకండి. పిల్లలు ప్రేమతో చేసే తప్పు ఇది. ఒక ఇంటివాళ్లు నాన్నగారి 75వ పుట్టినరోజుకు చెప్పకుండా బాగుచేయించి ఇద్దామని బండి తెచ్చారు. ఇంజను పని నేను చేశాను. టింకరింగ్, పెయింటింగ్ వాళ్లే వేరేచోట చేయించారు. మెరిసే ఎరుపు, కొత్త సీటు, కొత్త అద్దాలు. ఆయన చుట్టూ తిరిగి చూసి, "చాలా బాగుంది, ఎవరిది?" అని అడిగారు. తనదేనని చెప్పాక నవ్వారు గానీ, తర్వాత దాన్ని తుడవడం మానేశారు. ఆయన మోకాలు రాసుకుని అరిగిన రంగు, చేతి గ్రిప్పు మీద నల్లగా మెరిసే చోటు, పిల్లల్ని నిలబెట్టినప్పుడు వాళ్ల చెప్పులు గీకిన గీతలు, ఆయనకు బండి అంటే అవే. తుప్పు ఉన్నచోట మాత్రం రుద్ది అదే రంగు వేయించండి. ఇంకో సంగతి కూడా ఉంది. పెయింటరు తొందరలో చాసిస్ నంబరు (బండి శరీరం మీద చెక్కిన గుర్తింపు సంఖ్య) మీద పుట్టీ పూస్తే, రేపు ఆర్టీవో తనిఖీలో నంబరు కనబడక ఇబ్బంది పడతారు.

ఇప్పుడు కాగితాలు. సొంత వాహనానికి ఆర్.సి. 15 ఏళ్లు, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. మీ బండికి 2005, 2010, 2015లో నాన్నగారు చేయించినట్లున్నారు, మాస్టారు కదా. ఢిల్లీలో ఉన్నట్లు 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండి తిరగకూడదన్న నిషేధం మన దగ్గర లేదు. తనిఖీలో నెగ్గి, రుసుము కడితే తిప్పుకోవచ్చు. కాకపోతే ఖర్చు పెరిగింది. 20 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనానికి రెన్యువల్ రుసుమును 2025 ఆగస్టులో కేంద్రం 2,000 రూపాయలు చేసింది. ఆలస్యమైతే నెలకు 300 చొప్పున అదనంగా కట్టాలన్న నిబంధన 2022 ఏప్రిల్ నుంచి ఉంది. నాలుగేళ్ల ఆలస్యానికే అది 14,400 అవుతుంది. పాత బండ్లకు వేసే హరిత పన్ను వేరు. కాబట్టి మీ ఊరి రవాణా కార్యాలయంలో బండి నంబరు చెప్పి మొత్తం ఎంతవుతుందో ముందు కనుక్కోండి. రోడ్డు మీద తిప్పాలనుకుంటే థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. 75 నుంచి 150 సీసీల బండికి ఏడాదికి 714 రూపాయలు, పైన పన్ను. కాలుష్య తనిఖీ పత్రం కూడా ఉండాలి.

రోడ్డు మీద తిప్పే ఆలోచన లేకపోతే ఇంత ఖర్చు పెట్టనవసరం లేదన్నది నా అభిప్రాయం. రిజిస్ట్రేషన్ గడువు తీరిన బండిని బహిరంగ స్థలంలో నడపడం నేరం, సొంత ఆవరణలో నిలబెట్టుకోవడం కాదు. ఇంటి లోపలే ఉంచి నెలకోసారి స్టార్టు చేసుకోండి. కానీ ఆ మాట మీద నిలబడాలి. పక్క వీధి దాకానే కదా అని ఎవరికీ ఇవ్వకూడదు. ఆ పక్క వీధిలో ఎవరికైనా తగిలితే బీమా లేని బండి యజమానిగా కోర్టుకు వెళ్లేది నాన్నగారే.

ఒక చిన్న చిక్కు చాలామందికి ఎదురైంది, మీకూ ఉండవచ్చు. ఆ రోజుల్లో బండ్లు అప్పు మీద కొన్నవే ఎక్కువ. అప్పు ఎప్పుడో తీరినా ఆర్.సి.లో బ్యాంకు పేరు అలాగే ఉండిపోతుంది. బదిలీ చేసే రోజున అది అడ్డుపడుతుంది. అది తీయించడానికి బ్యాంకు నుంచి నిరభ్యంతర పత్రం, ఫారం 35 కావాలి. ఆ పేరు ఆంధ్రా బ్యాంకుదైతే, 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసింది కాబట్టి అక్కడికి వెళ్లాలి. అప్పు ఎప్పుడు తీర్చారో గుర్తున్న మనిషి ఎదురుగా ఉండగానే ఈ పని పూర్తిచేయండి.

అలాగే 2021 నుంచి ఆర్.సి.లో నామినీ పేరు రాయించుకోవచ్చు. ఆయన తర్వాత ఎవరిదన్నది ఆయనే రాసి ఇచ్చినట్లుంటుంది, మీకూ అన్నయ్యకూ మాట రాదు. యజమాని పోయాక అయితే 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేయాలి, మూడు నెలల్లో ఫారం 31 ఇచ్చి పేరు మార్చుకోవాలి. ఆ దుఃఖంలో ఎవరికీ ఈ గడువులు గుర్తుండవు. అందుకే ఎన్నో బండ్లు చనిపోయినవారి పేరు మీదే ఉండిపోయి, అమ్మడానికీ నడపడానికీ పనికిరాకుండా పోయాయి.

వింటేజ్ వాహనంగా రిజిస్టరు చేయించవచ్చు కదా అని అన్నయ్య అన్నారని రాశారు. ఆ నిబంధనలు 2021లో వచ్చాయి, కానీ మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన వాటికే. మీ బండికి 2040 దాకా ఆ మాట లేదు. వచ్చినా ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప రోజువారీ తిరగడానికి కుదరదు.

అన్నయ్య గారి గురించి ఒక మాట. అమ్మవద్దు అనడం తేలిక. అమ్మవద్దు అన్నవారు దాని ఖర్చులో, శ్రమలో వంతు తీసుకోవాలి. కొత్త అపార్ట్‌మెంటులో రెండో పార్కింగ్ స్థలం కావాలంటే డబ్బు, నెలకోసారి స్టార్టు చేసే మెకానిక్‌కు డబ్బు, అద్దె ఇంట్లో ఉన్న రోజుల్లో బండి పెట్టడానికి చోటు, ఇవన్నీ కాగితం మీద రాసి ఆయనకు పంపండి. ఇష్టం నిజమైతే ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే, ఇచ్చేసే నిర్ణయం మీద తర్వాత ఎవరూ మిమ్మల్ని నిందించలేరు. బిల్డరు ఒప్పందంలో పార్కింగ్ సంగతి ఇప్పుడే రాయించుకోండి, పునాది పడ్డాక అడిగితే ఎవరూ పలకరు.

ఇవ్వడం అనే దారి తక్కువదేమీ కాదు. టెలిఫోన్ శాఖలో పనిచేసిన ఒకాయన తన చేతక్‌ను, ఇంట్లో తలుపులు కిటికీలు చేసిన వడ్రంగి కొడుక్కి ఇచ్చారు. ఒక్క రూపాయి తీసుకున్నారు, ఊరికే ఇవ్వకూడదని. ఆ కుర్రవాడు పనిముట్ల సంచి ముందు పెట్టుకుని రోజూ తిరిగేవాడు. ప్రతి దసరాకు బండి కడిగి, పెద్దాయన ఇంటి ముందుకు తెచ్చేవాడు. పసుపు, కుంకుమ, బంతిపూల దండ ఆయన చేతుల మీదుగానే. చక్రం కింద నిమ్మకాయ ఆయనే పెట్టేవారు. మూతలు తీసి లోపల చూసి, క్లచ్ కేబుల్ తీగలు తెగుతున్నాయి మార్చమని చెప్పేవారు. నా షెడ్డుకు వచ్చినప్పుడల్లా ఆ కుర్రవాడు దాన్ని సారు గారి బండి అనే అనేవాడు, తన బండి అని ఎప్పుడూ అనలేదు.

ఎవరికి ఇచ్చినా పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు చేసి, పేరు మారిందని కళ్లతో చూసేదాకా వదలకండి. అమ్మినవారు 14 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. రికార్డులో ఎవరి పేరు ఉంటే వారే యజమాని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వారిదేనని 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ కేసులో బండి అప్పటికే చాలా చేతులు మారింది, అయినా బాధ్యత మొదటి యజమాని మీదే పడింది. నమ్మకస్తుడే కదా అని వదిలేయవద్దు. మీ విషయంలో ఆర్.సి. గడువు తీరింది కాబట్టి ముందు రెన్యువల్, తర్వాతే బదిలీ.

రేకు పూర్తిగా తినేసి, నిజంగా ఇనుము కింద వేయాల్సి వస్తే, ఇంటి ముందుకు వచ్చే మనిషికి కాకుండా ప్రభుత్వం గుర్తించిన స్క్రాపింగ్ కేంద్రానికే ఇవ్వండి. వాళ్లు డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు, రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, ఆ సర్టిఫికెట్‌తో కొత్త బండి కొంటే పన్నులో కొంత రాయితీ ఉంటుంది. అంతకన్నా ముఖ్యం, ఆ చాసిస్ నంబరుతో మరో దొంగ బండి తిరగదు.

చివరగా, ఈ వారమే చేయాల్సిన పని. నాన్నగారు రోజూ కొడుతున్న ఆ కిక్కులు ఆపించండి. కిక్కు కుడివైపు ఉంటుంది. ఆపరేషన్ అయింది కుడి మోకాలికైతే అది మరీ ప్రమాదం, ఎదురుకిక్కు కొడితే మోకాలు తట్టుకోదు. ఇంజనుకు కూడా మంచిది కాదు, రెండేళ్లుగా ఎండిపోయిన సిలిండరులో రింగులు రాసుకుంటున్నాయి. వద్దని చెప్పి ఊరుకోకండి. మెకానిక్‌ను ఇంటికే పిలిపించండి, నాన్నగారికి పక్కన కుర్చీ వేయండి. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో చెంచాడు 2టీ ఆయిల్ పోసి, గంట ఆగి, ప్లగ్గు లేకుండానే చేత్తో మెల్లగా నాలుగైదుసార్లు కిక్కు తిప్పమనండి. తర్వాత పైన చెప్పిన పనులన్నీ. అంతా అయ్యాక పెట్రోలు ట్యాప్ ఎవరు తిప్పాలి, చోక్ ఎంత లాగాలి, బండిని పక్కకు ఎంతసేపు వంచి ఉంచాలి, ఇవన్నీ ఆయన్నే చెప్పమనండి. ఆ బండి అలవాటు ఆయనకే తెలుసు. కిక్కు మాత్రం మెకానిక్ కొట్టాలి. టార్పాలిన్ తీసేసి, కప్పడానికి పాత నూలు దుప్పటి వాడండి, ప్లాస్టిక్ కింద చెమ్మ పట్టి తుప్పు వస్తుంది. రేకు సంగతి ఎలా ఉందో స్క్రూడ్రైవర్‌తో చూసి ఇక్కడ రాయండి, మిగిలినది అప్పుడు చెబుతాను.